తవిటమ్మ చూసిన కాశీ

ధనరాజు యాత్రా బస్సులో వంటకి కుదిరిన పద్నాలుగేళ్లలో తవిటమ్మ కాశీకి తొమ్మిదిసార్లు వెళ్లింది. రామేశ్వరం ఎన్నిసార్లో ఆమెకే గుర్తులేదు. కన్యాకుమారి, జోగ్ జలపాతం, ఖాట్మండు అన్నీ అయ్యాయి. రెండుసార్లు సింగపూర్ కూడా వెళ్లింది. అక్కడి తిండి మనవాళ్లకి సహించదని రైస్ కుక్కర్లూ కందిపొడి డబ్బాలూ పెట్టెల్లో సర్దుకుని మరీ విమానం ఎక్కింది. పొందూరు పక్కన ఆమె పల్లెలో అంతకుముందు పాస్‌పోర్టు ఉన్న ఆడమనిషి లేదు.

ఇంత తిరిగిన మనిషి ఏం చూసిందయ్యా అంటే, ఏమీ చూడలేదు.

యాత్రా బస్సు పద్ధతే అంత. ఆమదాలవలసలో ఎక్కిన నలభైమందీ బస్సు ఎక్కడ ఆగితే అక్కడ దిగి గుడికో జలపాతానికో పోతారు. వాళ్లు తిరిగొచ్చేసరికి వేడన్నం, పప్పు, కూర, చారు దించి ఉండాలి. దర్శనం చేసుకొచ్చినవాడి ఆకలి మామూలు ఆకలి కాదు, పది నిమిషాలు ఆలస్యమైతే ఆ పుణ్యమంతా తిట్ల కింద ఖర్చు పెట్టేస్తాడు. పైగా కాశీ దాటాక ఇంకో తలనొప్పి. అక్కడ కాయో పండో వదిలేస్తారు కదా, ఎవరు వంకాయ వదిలారో ఎవరు బీరకాయ వదిలారో తిరిగి ఊరు చేరేదాకా గుర్తుపెట్టుకుని వడ్డించాలి. ఇన్ని పనుల మధ్య తవిటమ్మ ఏ గుడికని వెళ్తుంది?

కానీ వినేది. తిరిగొచ్చినవాళ్లు నోట్లో ముద్ద ఉండగానే మొదలెట్టేవారు. ఒకాయన గోపురం చెబితే, ఒకామె అమ్మవారి ముక్కెర చెప్పేది. ఇంకొకరు జలపాతం తుంపర మొహాన పడిందనేవారు. చారు పోస్తూ అవన్నీ చెవిన వేసుకున్న తవిటమ్మకి, వెళ్లొచ్చినవాళ్లలో ఏ ఒక్కరికంటే కూడా ఎక్కువే తెలిసేది.

మొదటిసారి కాశీ నుంచి వచ్చి ఆటో దిగినప్పుడు వీధిలో ఆడవాళ్లు పసుపు నీళ్లతో ఆమె కాళ్లు కడిగారు. మొగుడు పోయిన రెండేళ్లుగా అదే వీధిలో ఆమెని ఇలా వచ్చి కూర్చోమన్నవాళ్లు లేరు. ఎదురింటి కూర్మమ్మ, ఎనభై దగ్గర పడిన మనిషి, చెయ్యి పట్టుకుని స్వామి ఎలా ఉన్నాడని అడిగింది. తడికాళ్లతో నిలబడి, నేను లోపలికే వెళ్లలేదమ్మా అనడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది? మనిషంత ఎత్తున్నాడని చెప్పేసింది.

ఆ ఎత్తు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఆ యాత్రలో భావనారాయణ అని ఒక రిటైరైన మాస్టారు ఉండేవాడు. విస్తరి ముందు కూర్చుని స్వామి గురించి చెబుతూ ఆయన రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తాడు. ఆయన దణ్ణం పెడుతున్నాడు. తవిటమ్మ ఎత్తు చూపిస్తున్నాడనుకుంది. తర్వాత్తర్వాత ఫోన్లలో బొమ్మలు వచ్చినా, పూలలో మునిగిన స్వామి పక్కన కొలతకి మనిషెవడూ ఉండడు కదా, ఆమె మాట అలాగే నిలబడిపోయింది. ఏటా కాస్త మెరుగులు కూడా దిద్దుకుంది. మంచం పట్టాక కూర్మమ్మకి అదే కాలక్షేపం. వారానికోసారి పిలిపించుకుని మళ్లీ చెప్పించుకునేది. తవిటమ్మ కళ్లకు కట్టినట్టు చెప్పేది. వీధిలో ఆమె మాటకి విలువ వచ్చింది, పెళ్లిళ్లలో పీట వేసి కూర్చోబెట్టారు.

అంతా బాగానే ఉందనుకుంటున్న సమయంలో, ఈ ఏడు ఆడపడుచు బుల్లమ్మ తానూ కాశీ వస్తానని సీటుకి డబ్బు కట్టేసింది.

బుల్లమ్మ, తవిటమ్మ మొగుడికి చెల్లెలు, అదే ఊళ్లో ఇచ్చారు. మాట్లాడితే పుల్ల విరిచినట్టుంటుంది. ఎవరి ఇంట్లో ఏ కూర మాడిందో చెరువు గట్టు దాకా వినపడేలా చెప్పే రకం. ఆ కబురు వినగానే తవిటమ్మ గుండెల్లో రాయి పడింది. వద్దనడానికి వీల్లేదు. మోకాళ్ల నొప్పులని తాను మానేస్తే పని ఇంకొకరికి పోతుంది. దారి పొడుగునా బుల్లమ్మకి ముందు వడ్డించింది, అడక్కుండా నెయ్యి వేసింది. బుల్లమ్మ ఆ నెయ్యిని అనుమానంగానే చూసింది.

కాశీలో తెలుగువాళ్ల సత్రంలో మూడు రోజుల మకాం. మొదటి రోజు తెల్లారకుండానే అందరూ దర్శనానికి పోయారు. పది గంటలకి బుల్లమ్మ అందరికంటే ముందు తిరిగొచ్చింది. వరసలో వదినె కోసం వెతికాననీ, ఎక్కడా కనబడలేదనీ అంది. తవిటమ్మ సొరకాయ తరుగుతూ, సాయంత్రం వెళ్దామనుకున్నానంది. అక్కడే గ్యాస్ బండ మారుస్తున్న ధనరాజుకి ఆమెని మెచ్చుకోవడానికి ఇదే సమయం అనిపించింది కాబోలు.

"తవిటమ్మ గుడికెల్లిపోతే మీకు అన్నం ఎవులెడతారు? పద్నాలుగేల్లలో ఒక్కపాలి కూడా పొయ్యొదిలి కదల్లేదు" అన్నాడు.

అది మెచ్చుకోలే. దేవుడు కూడా అంత పని చెయ్యలేడు.

ఆ రోజూ మర్నాడూ బుల్లమ్మ ముద్ద తిని చెయ్యి కడుక్కుని పోయింది తప్ప వదినెతో పలకలేదు. అదే భయం. తవిటమ్మకి చారులో ఉప్పు వేసిందో లేదో కూడా తెలియలేదు. ఊరికి వెళ్లాక ఏమవుతుందో తెలుస్తూనే ఉంది. దొంగముండ, ఎనిమిదిసార్లు కాళ్లు కడిగించుకుంది అంటారు. అనాల్సిందే కూడాను. కూర్మమ్మకి మాత్రం ఏ మొహం పెట్టుకుని ఎదురుపడాలో తోచలేదు.

మూడో రోజు పొద్దున్న బుల్లమ్మ కొంగు నడుముకి చుట్టుకుని వచ్చి, కత్తిపీట ముందు నుంచి వదినెని లేపింది.

"ఎల్లు వదినా. కూర నాను సూసుకుంటాను" అంది. తవిటమ్మ కదలకపోయేసరికి, "నువ్వు సెప్పినంత ఎత్తుగా లేడు. ఎల్లి సూసిరా" అంది.

అది జాలో, దెప్పో తవిటమ్మకి తెలియలేదు. స్నానం చేసి వెళ్లింది. మూడు గంటలు వరసలో నిలబడింది. చుట్టూ ఎవరికీ ఆమె వండి పెట్టక్కర్లేదు, అదొక వింతగా ఉంది. తలుపు దగ్గరికి చేరగానే వెనక నుంచి తోపు. ఆమె తలెత్తి చూసింది. మనిషంత ఎత్తున చూసింది. గోడ తప్ప ఏమీ లేదు. ఇంకాస్త పైకి చూసింది. ఆడ పోలీసు భుజం మీద చెయ్యి వేసి పక్కకి నెట్టింది. ఆ నెట్టుడికి తల వంగినప్పుడు కనబడ్డాడు. కింద, నేలలో, వెండి తొడుగు వేసిన చదరపు గుంటలో, నల్లగా, చిన్నగా. నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టిన పసిబిడ్డ అంత. రెప్పపాటు. అంతలో బయట ఉంది.

గోడకి ఆనుకుని ఏడ్చింది. తన అబద్ధమే తనకి అడ్డొచ్చింది, చూడాల్సిన చోట చూడనివ్వలేదు. అందుకు కోపం వచ్చింది. అయినా చూసింది కదా, అందుకు సంతోషం వేసింది. అంత చిన్నవాణ్ణి పట్టుకుని అంత పెద్దవాణ్ణి చేశానేమిటా అని నవ్వు కూడా వచ్చింది. సత్రానికి వచ్చేసరికి అన్నం గంజి వార్చకుండా బుల్లమ్మ ముద్ద చేసి పెట్టింది, నలభైమందీ సణుగుతున్నారు. ఎలా ఉందని ఆడపడుచు అడగలేదు, ఈమె చెప్పలేదు. తిరుగు ప్రయాణం అంతా అలాగే సాగింది.

ఊళ్లో బుల్లమ్మ ఇంట్లో కాశీ సమారాధన పెట్టారు. గంగ చెంబుకి పూజయ్యాక కూర్మమ్మని కుర్చీలో మోసుకొచ్చి వాకిట్లో దింపారు. కొత్తగా వెళ్లొచ్చిన మనిషి కదా, ఆమె బుల్లమ్మనే అడిగింది. బుల్లమ్మ, వదిననే చెప్పమను అంది.

వచ్చింది గడియ అనుకుంది తవిటమ్మ. ఆడపడుచు నోటి నుంచి వినడం కంటే తానే చెప్పుకోవడం నయం. చెప్పింది. ఎనిమిదిసార్లు వెళ్లి గుమ్మం కూడా తొక్కలేదనీ, ఈసారే చూశాననీ, స్వామి చిన్నవాడనీ, నేలలో ఉంటాడనీ, వంగితే తప్ప కనబడడనీ చెప్పింది. వాకిట్లో యమున అనే కోడలు పిల్ల నవ్వు దాచుకోడానికి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కూర్మమ్మ మాత్రం తలాడించింది. చెయ్యి చాచి తవిటమ్మని దగ్గరికి లాక్కుంది.

"ఆ తోపులాటలో నీకు సరిగ్గా అవుపడలేదు గావాల. ఇదొద్దు గానీ, ముందు సెప్పేదానివి సూడు, అది సెప్పవే" అంది.

తవిటమ్మ నోరు తెరిచింది. పద్నాలుగేళ్లుగా పొయ్యి దగ్గర కూర్చుని విని గడగడా చెప్పిన మాటలు, చూసొచ్చాక ఒక్కటీ రాలేదు. ముసలావిడ చెయ్యి వదలకుండా చూస్తూనే ఉంది.

బుల్లమ్మ చేతిలో గరిటె పక్కన పెట్టి, పీట లాక్కుని కూర్మమ్మ మోకాళ్ల దగ్గర కూర్చుంది.

"నాను సూసొచ్చినాను గదా పెద్దమ్మా, నాను సెప్తాను ఇను. మనిషంత ఎత్తున్నాడు" అని మొదలెట్టింది. వదినె వైపు చూడలేదు.