ముఖం మీద రగ్గు

1983 ఎండాకాలం. ఆదిలాబాద్ జిల్లా బొగ్గు గనుల ప్రాంతంలో ఒక రెస్క్యూ స్టేషన్‌కు నేను కెప్టెన్‌ని. పేరు పెద్దదే గానీ పని ఒకటే. గనిలో మంటో విషవాయువో పుట్టి అందరూ బయటికి పరుగెత్తుకొస్తుంటే మా బృందం లోపలికి పోవాలి. ముందు నడిచేవాడు కెప్టెన్. వీపున ఆక్సిజన్ సిలిండర్, చేతిలో సేఫ్టీ ల్యాంప్ ఉంటాయి. ఆ ల్యాంప్‌లో చిన్న మంట వెలుగుతుంటుంది. మండే వాయువు ఉంటే మంట తీరు మారుతుంది, గాలి చాలకపోతే ఆరిపోతుంది. నా ఉద్యోగమంతా ఆ మంటను చూసుకుంటూనే గడిచింది.

పెద్ద ప్రమాదాల గురించి చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా చెబుతాను. ఇప్పుడు చెప్పేది అలాంటిది కాదు. ఇందులో ఎవరికీ గీత కూడా పడలేదు, ఏ పేపర్లోనూ రాలేదు. అయినా ఇన్నేళ్ళ తర్వాత కూడా తలుచుకుంటే నా చెవులు వేడెక్కుతాయి.

మా దగ్గర గనిని బాయి అంటారు. బొగ్గు అయిపోయాక బాయిని బంద్ చేసి, మూతికి ఇటుకల గోడ కడతారు. ఏడాది తిరక్కుండానే ఆ ఇటుకలు ఎవరింటి పొయ్యికో చేరుతాయి, గోడలో మనిషి దూరేంత సందు పడుతుంది. ఆ సందు చూస్తే కొందరికి కాలు ఆగదు. లోపల ఏముందో చూడాలంటారు. ఏముంటుంది, చీకటి ఉంటుంది. పైకప్పుకు ఊతంగా పెట్టి పుచ్చిపోయిన కర్రలు, వాటి మీద ఎప్పుడు ఊడతాయో తెలియని బొగ్గు పెళ్లలు ఉంటాయి. నాకు అధికారం ఉంటే అలా తిరిగేవాళ్ళను ఒక వారం బొగ్గు నింపే పనిలో పెట్టేవాణ్ణి, సరదా తీరిపోయేది.

ఆ రోజు మధ్యాహ్నం కరీంనగర్ కాలేజీ లెక్చరర్ ఒకాయన దొరికిన లారీ ఎక్కి మా స్టేషన్‌కు వచ్చాడు. చొక్కా మొత్తం చెమట, ఒక చెప్పు లేదు.

"సార్, మేమిద్దరం లెక్చరర్లం. సెలవుల్ల అడవి దారులు పట్టుకొని తిరుగుతం. లక్సెట్టిపేట మీదికెళ్లి స్కూటర్ మీద వచ్చినం, గది దారిలనే ఖరాబైంది. పాత ట్రాము దారి వెంట నడిచి బందైన బాయి దాక పోయినం. మాకు దారి చూపెట్టిన పెద్దమనిషి, మీరు గీడనే ఉండుండ్రి, నేను ముందుగాల చూసొస్త అని లోపలికి పోయిండు. ఇంక రాలే. పిలిస్తే పలుకుతలేడు. మా దోస్తు ఆడనే ఉన్నడు."

"పెద్దమనిషి పేరేంది?"

"రాజలింగు."

ఆ పేరు వినగానే నేను ల్యాంప్ అందుకున్నాను.

రాజలింగు నా పాత సర్దార్. సర్దార్ అంటే షిఫ్టు మొదలుకాకముందే కర్రతో పైకప్పు తట్టి, ఆ చప్పుడు విని, కింద మనుషులు పని చేయొచ్చో లేదో తేల్చేవాడు. నేను కొత్తగా బొగ్గు నింపే పనిలో చేరినప్పుడు ఆయన చేతికిందే చేరాను. నేను మూతి దగ్గరే ఆగిపోవడం చూసి, "భయపడేటోనికి బాయిల పనిలే, పోయి మేకలు కాసుకో" అని అందరి ముందు అన్నాడు. రిటైరయ్యాక ఆయనకు ఇంట్లో నిలకడ లేదు. ఒకప్పుడు బొగ్గు బండ్లు నడిచి ఇప్పుడు పట్టాలు పీకేసిన ట్రాము దారులు, గుట్టల మీద పాత బాయిలు, ఏ దారి ఎక్కడ కలుస్తుందో అన్నీ తిరిగి చూసేవాడు. అడిగిన వాళ్ళకు చూపించి, దారి పొడుగునా తన ధైర్యం కథలు చెప్పడం ఆయనకు మహా ఇష్టం.

వ్యాన్‌లో అడవి దారి పట్టాం. బీడీలు చుట్టే తునికాకు సీజను కావడంతో ఆకు కోసేవాళ్ళు దారంతా ఉన్నారు, మా వ్యాన్ చూసి కొందరు వెంట నడిచారు. అది ఇంక్లయిన్ బాయి, అంటే ఏటవాలుగా నేలలోకి దిగేది. మూతి దగ్గర, మంచి గాలి ఉన్నచోట మా బృందంలో ఇద్దరిని ఉంచి, మిగతా వాళ్ళం గోడ సందులోంచి దూరాం. ల్యాంప్ మంట నిలకడగా ఉంది. గాలి మంచిదే. అంటే ఊపిరాడక పడిపోయి ఉండడు, పెళ్ల కింద పడి ఉంటాడని అనుకున్నాను. 

రెండో మలుపు తిరిగేసరికి నా టోపీ లైటు వెలుగులో ఆయన కనిపించాడు. గోడకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నా వాళ్ళను మలుపు దగ్గరే ఆపి నేను దగ్గరికి పోయాను.

"మామా, దెబ్బ తాకిందా?"

"తాకలే."

"కాలు గిట్ల ఇరికిందా?"

"లే."

"మరి లేస్తలేవేంది? పిలిస్తే ఎందుకు పలుకుతలేవు?"

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత, "లైటు జర పక్కకు తిప్పు సమ్మయ్యా" అన్నాడు.

తిప్పాను. తిప్పేలోపే చూశాను. ధోతి ముందు భాగం తడిసి, దానికి బొగ్గు బురద అంటుకుని ఉంది.

"మా బామ్మర్ది గీడనే పోయిండు గదా" అన్నాడు. "గా తావు ఒక్కసారి సూసిపోదామని వచ్చిన. పైన చిటుక్కుమన్నది. పెళ్ల పడ్డది, గా అవతల. నాకేం తాకలే. గానీ కాళ్ళు రాలే సమ్మయ్యా. చిన్నపోరని లెక్కనే అయింది. గా సార్లకు పొద్దటి సంది నా ముచ్చట్లే చెప్పిన. గిట్ల ఎట్ల పోత వాళ్ళ ముంగట? చీకటి పడ్డంక వస్తననుకున్న."

ఆయన బామ్మర్ది సంగతి మా అందరికీ తెలుసు. చాలా ఏళ్ళ కిందట ఈ బాయిలోనే పైకప్పు కూలి చనిపోయాడు. ఆ రోజు పైకప్పు తట్టి చూసింది రాజలింగే.

మేకలు కాసుకోమన్న మాట నాకు గుర్తు రాలేదంటే అబద్ధం. వచ్చింది. కానీ ఆయన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఆ తడిని దాచుకుంటున్న తీరు చూశాక, ఆ మాట గుర్తొచ్చినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

"స్ట్రెచర్ తెప్పిస్త మామా" అన్నాను. "మా రూల్సు గట్లనే ఉంటయి, లోపల దొరికినోణ్ణి మోసుకొనే తేవాలె. మీద రగ్గు గప్పుత. ఎవ్వలికి కనబడది."

"మొకం గూడ గప్పు" అన్నాడు. "గాళ్ళను సూడలేను."

కప్పాను. తల నుంచి కాళ్ళ దాకా ఎర్ర రగ్గు చుట్టూ దోపి, పట్టీలు బిగించకుండా వదులుగా వదిలాను. నా మనుషులకు విషయం అర్థమైంది, స్ట్రెచర్ పిడులు అందుకున్నారు. పైకి ఎక్కుతుంటే నాకు లోలోపల గర్వంగా కూడా ఉంది. ప్రాణం కాపాడటం అందరూ చేస్తారు, నేను పరువు కూడా కాపాడుతున్నాను అనుకున్నాను.

గోడ సందులోంచి స్ట్రెచర్ బయటికి తీశాం. ఎండ కళ్ళలో కొట్టింది. ఆ ఎండలో మాకు తెలియని సంగతి ఒకటి ఎదురుచూస్తోంది. కబురు కాలనీకి చేరి, ఎవరో రాజలింగు భార్య కనకవ్వను ట్రాక్టర్ మీద తీసుకొచ్చారు.

ఆమె జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. రగ్గు చూసింది. ఉన్నచోటనే కూలబడి, రెండు చేతులతో నేలను కొడుతూ రాగం తీసింది.

"ఓ తమ్మీ, నువ్వు పోయింది సాలకపాయెనా, మీ బావను గూడ పిల్సుకుంటివా తమ్మీ."

ఆ తమ్ముణ్ణి కూడా ఇదే మూతిలోంచి, ఇలాగే, ముఖం కప్పి తెచ్చారు. అప్పుడు కూడా ఆమె ఇక్కడే నిలబడి ఉంది. ఇదంతా నాకు తెలుసు. పావుగంట కిందటే లోపల అదే మాట మాట్లాడుకున్నాం. తెలిసి కూడా నాకు తట్టలేదు. ఇప్పుడు తట్టింది, కానీ నా నోరు పెగల్లేదు. ఆయన బతికే ఉన్నాడు అనడానికి ఒక్క క్షణం చాలు. నేను స్ట్రెచర్ పిడి పట్టుకుని కొయ్యబారిపోయాను.

స్ట్రెచర్ కదిలింది. రగ్గు ఒక్కసారిగా పక్కకు పడింది. రాజలింగు కాళ్ళు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"కనకీ. నేనున్న. ఏం కాలే. ఏడ్వకు."

ఎండలో ఆయన ధోతి అందరికీ కనిపించింది. లెక్చరర్లు చూశారు, ఆకు కోసేవాళ్ళు చూశారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు, వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది. లెక్చరర్లలో ఒకాయన కళ్ళద్దాలు తీసి, అవసరం లేకుండా తుడుచుకుంటూ నిలబడ్డాడు. రాజలింగు చేతులు అడ్డం పెట్టుకోలేదు. భార్యను లేపడానికి రెండు చేతులూ ముందుకు చాపాడు.

కనకవ్వ లేచి ఆయన ముఖం తడిమింది, భుజాలు తడిమింది. తర్వాత ధోతి చూసింది. కింద పడిన రగ్గు తీసి, దుమ్ము దులిపి, ఆయన నడుముకు చుట్టి గట్టిగా దోపింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"బతికున్న మనిషికి మొకమెందుకు గప్పినవు కొడుకా?"

"నేనే గప్పుమన్న" అన్నాడు రాజలింగు.

"నువ్వంటవు. నీకు సిగ్గయింది, నువ్వంటవు. గప్పెటోనికి ఎర్క ఉండద్దా?"

 వాళ్ళిద్దరూ ట్రాక్టర్ ఎక్కి పోయేదాకా నా బూట్లే చూసుకుంటూ నిలబడ్డాను.

తర్వాత చాలా రోజులు రాజలింగు బజారులో కనిపిస్తే పక్క సందులోకి తప్పుకునేవాణ్ణి. ఒకరోజు ఆయనే వచ్చి చేయి పట్టి హోటల్లోకి తీసుకుపోయి చాయ్ ఇప్పించాడు. ఎప్పటిలాగే గట్టిగా మాట్లాడాడు. ఆ సంగతి దాచిపెట్టలేదు, పక్క బల్ల మీద వాళ్ళకు కూడా తానే చెప్పి నవ్వాడు. ఆయన సిగ్గు ఆ ఎండలోనే అయిపోయింది. నా చాయ్ మాత్రం చల్లారిపోయింది.

ఆ తర్వాత నేను ఆ స్టేషన్‌లో ఉన్నన్నాళ్ళూ ఒక పద్ధతి పెట్టాను. బతికున్న మనిషికి రగ్గు ఛాతీ దాకానే. స్ట్రెచర్ వెలుతురులోకి రాకముందే ఒక మనిషి బయటికి పోయి, ఇంటివాళ్ళు ఎవరో కనుక్కుని, ఉన్నడు అని చెప్పి రావాలి. అది చెప్పేదాకా స్ట్రెచర్ చీకట్లోనే ఆగాలి. ట్రైనింగ్‌కు వచ్చిన కొత్తవాళ్ళు, ఇది మాన్యువల్‌లో ఎక్కడుంది సార్ అని అడిగేవాళ్ళు. బతికున్న మనిషికి ముఖం ఎందుకు కప్పాలని, కనకవ్వ నన్ను అడిగిన మాటే నేను వాళ్ళను అడిగేవాణ్ణి. వాళ్ళు నేను జవాబు చెబుతానేమోనని చూసేవాళ్ళు. నేను రగ్గు మడత పెట్టుకుంటూ ఉండేవాణ్ణి.