మా గోడ మీద తలకిందుల రష్యా

మా చిన్నప్పుడు... భట్టిప్రోలులో మా పూరింటి గోడ మీద రష్యా దేశం తలకిందులుగా ఉండేది.

దర్జీ మస్తాన్ బాబాయి ఇచ్చిన పటం అది. నున్నటి రంగుల కాయితం. చదువురాని మా అమ్మ గంజి రాసి గోడకి అతికించింది. ఏది పైనో ఏది కిందో ఇంట్లో ఎవరికి తెలుసు? నాకూ చదువు రాదు. ఇప్పటికీ రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు ఫోనులో కొడుతోంది. చదువురాని దానికి దేశాల సంగతి ఏం తెలుసని అడిగేవాళ్లు ఇది చివరిదాకా చదవండి.

మస్తాన్ బాబాయి కొట్టుకి రష్యా నుంచి తెలుగు పుస్తకాలు వచ్చేవి. సాయంత్రం మిషను ఆపి గట్టిగా చదివేవాడు. వినాలంటే ఊరికే కూర్చోకూడదు... నేను చొక్కాలకు గుండీలు కుట్టాలి, ఆయన చదవాలి. అదీ మా ఒప్పందం.

ఎన్ని సంగతులు విన్నానో! రైలెక్కితే వారం రోజులు దిగక్కర్లేనంత దేశమట. ఒక చివర పొద్దు పొడుస్తుంటే ఇంకో చివర పొద్దు గూకుతుందట. చలికాలంలో ఏరు గడ్డకడితే దాని మీద లారీలు పోతాయట. జింకల బళ్ల మీద తిరిగే జనం ఉన్నారట. అక్కడ ఆడవాళ్లు ట్రాక్టర్లు తోలతారట, డాక్టర్లై ఆపరేషన్లు చేస్తారట. పాలేరు పిల్లలూ బడికి పోతారట...

ఆ మాట విన్నరోజు సూది వేల్లో దిగింది. నొప్పే తెలియలేదు.

ఓ సాయంత్రం బడి మేస్టారు చొక్కా కోసం వచ్చారు. రేపటి ఊడ్పులకు మనుషుల్ని మాట్లాడుకుంటూ మా నాన్న కూడా కొట్టు ముందే ఉన్నాడు. బాబాయి సైబీరియా నదుల గురించి చదువుతున్నాడు. లేనా, ఓబు, యెనిసెయి... పేర్లు మూడూ నాకు ఇప్పటికీ నోటికొచ్చు.

"ఈ నదులు ఎటు పోతాయే పిల్లా?" అన్నారు మేస్టారు నవ్వులాటకి.

"కిందికి పోయి సముద్రంలో పడతాయండి."

"కిందికా? ఏదీ, చూపించు."

పుస్తకంలోనూ అదే పటం ఉంది. మా గోడ మీద ఎలా ఉందో అలాగే తిప్పి పట్టుకున్నాను. కొట్టంతా ఒకటే నవ్వు.

"ఒసేయ్, దేశాన్నే బోర్లించావు గదే! ఉత్తరం పైనుంటుంది. నదులు అటే పోతాయి" అన్నారు మేస్టారు.

మా నాన్న మొహం మాడిపోయింది. "నలుగురిలో పరువు తీశావు. చాల్లే నీ రష్యా. రేపటినుంచి ఊడ్పులకి రా, ఇటు వచ్చావంటే కాళ్లు విరగ్గొడతా."

ఊడ్పులకు నేను భయపడలేదు... పొద్దు గూకేదాకా వంగిన నడుం మళ్లీ ఈ కొట్టుకి రాదు. ఇక ఆ చదువు వినపడదు. ఏడుపు మింగి లేచాను.

"కాయితం ఎటు పెడితే ఏంటి మేస్టారండీ, నీళ్లు పల్లానికే గదా పోయేది? మరి నేనొకటి అడుగుతా. ఎండ ముందు నదులు పుట్టే దక్షిణం వైపే వస్తుందని, నది చివర సముద్రం ఇంకా గడ్డకట్టే ఉంటుందని బాబాయి చదివాడు. ఎగువ మంచు కరిగి నీళ్లొస్తే, దిగువ దారి మూసుకుని ఉంటే, మధ్యలో ఊళ్లు మునగవాండీ? మన మురుగుకాలవ చివర గుర్రపుడెక్క అడ్డంపడితే మన చేలు మునగడంలా?"



మస్తాన్ బాబాయి గబగబా పేజీలు తిప్పాడు. "ఉందండోయ్! ఏటా మంచు కరిగే రోజుల్లో వరదలొస్తాయని ఇక్కడే ఉంది. నేనింకా చదవలేదు ఈ పిల్లకి!"

మేస్టారు చొక్కా చంకలో పెట్టుకుని మా నాన్నతో అన్నారు. "రాత్రికి వంట మీ ఆవిడ చూసుకుంటుందిలే. ఊడ్పులనుంచి వచ్చాక పిల్లని ఇక్కడికి పంపించు."

నాన్న తల గీరుకున్నాడు. "ఒక్క గంట. అంతకు మించితే ఊరుకోను" అన్నాడు.

ఊడ్పులకీ పోయాను, కొట్టుకీ పోయాను. బురద కడుక్కుని గుండీలు కుట్టాను. పెళ్లయి రేపల్లె వచ్చేదాకా ఒక్క సాయంత్రం మానలేదు.

కానీ ఒకటి చెబుతా, ఉన్నదున్నట్టు రాయవే అమ్మాయ్. ఆ మేస్టారు కొట్టుకి పంపమన్నారు గానీ, బడికి పంపమని ఒక్క మాట అనలేదు. పాలేరు పిల్లలు చదువుకునే దేశం గురించి అంతా విని, చొక్కా తీసుకుని వెళ్లిపోయారు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

ఆ దేశం తర్వాత ముక్కలైందన్నారు. ఆ పుస్తకాల్లో మంచి మాత్రమే వేశారు, చెడు దాచారు అన్నారు. దాస్తే దాచారు. ఆడదాన్ని ట్రాక్టరు మీద కూర్చోబెట్టి బొమ్మ వేసి, మా ఊరి దర్జీ కొట్టుదాకా పంపింది వాళ్లే.

మొన్న మనవరాలు ఫోనులో రష్యా చూపించింది. "తలకిందులు చెయ్యవే" అన్నాను. ఫోను తిప్పి పట్టుకుంది... నా మూడు నదులూ కిందికి దిగుతూ కనిపించాయి. మా గోడ కనిపించింది.

ఇప్పుడు అందరికీ చదువొచ్చు. ఎవరి ఫోను వాళ్లు మనసులోనే చదువుకుంటారు. పక్కన చదువురాని మనిషి కూర్చుంటే ఒక్క ముక్కా వినపడదు...

మీ ఊళ్లో పైకి చదివి వినిపించిన మనిషి ఎవరైనా ఉన్నారా? కింద రాయండి. మా మనవరాలు నాకు గట్టిగా చదివి వినిపిస్తుంది. గుండీలు కుట్టడానికి నేను సిద్ధం.