బయటికి తిరిగిన స్పీకర్లు

బండికి కొత్త స్పీకర్లు పెట్టిస్తానంటే మా తమ్ముడు పడీ పడీ నవ్వాడు. "ఈ వయసులో కుర్రాళ్ళ వేషాలేంటన్నయ్యా?" అన్నాడు. వాడితో వాదించలేదు. కారణం చెప్పాలనిపించలేదు, అంతే.

కారణం మా ఆవిడ గొంతు. ముక్తేశ్వరంలో టీచరుగా పనిచేసేది, చర్చి క్వయర్‌లో పాడేది. పోయిన చలికాలం జబ్బు చేసి చనిపోయింది. ఓ సాయంత్రం క్వయర్ ప్రాక్టీసులో ఆవిడ పాడుతుంటే నా ఫోన్లో రికార్డు చేసిన పాట ఒక్కటి మిగిలింది. దాన్ని ఇంట్లో వినలేకపోయాను. మొదటి చరణం కాకుండానే ఏడుపు తన్నుకొచ్చి ఆపేసేవాణ్ణి. బండి మీదైతే రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉంటాయి, ఆపడానికి వీలుండదు. కాబట్టి బండి మీదే వినాలి.

బండంటే ఆఫీసుకు వెళ్ళొచ్చే బండి కాదు. దూరాలు తిరగడానికని ఇద్దరం ముచ్చటపడి కొన్నాం. అటూ ఇటూ సామాను పెట్టెలు, వెనక సీటుకు నడుం ఆనుకోవడానికి మెత్త, హ్యాండిల్ దగ్గర రెండు బుల్లి స్పీకర్లు. దాని మీద కన్యాకుమారి దాకా వెళ్ళొచ్చాం. బండి కాస్త వేగం అందుకుందంటే ఆ బుల్లి స్పీకర్ల మాట గాలికి పోయేది. అప్పట్లో వాటితో మాకు పనేం పడలేదు. వెనక కూర్చున్న మనిషి నోరు ఊరుకుంటే కదా!

హెల్మెట్లో పెట్టుకునే స్పీకర్లు మా మేనల్లుడు తెచ్చిచ్చాడు. పెట్టుకుని చూశాను. ఆ గొంతు నేరుగా చెవిలో పడింది. అంత దగ్గరగా నా వల్ల కాదు. తీసి వాడికే ఇచ్చేశాను.

అమలాపురంలో ఒకాయన ఇలాంటివి బిగిస్తాడని చెప్పారు. తీర్థాల్లో, జాతరల్లో ఊరేగింపు బళ్ళకూ, సువార్త సభల వ్యాన్లకూ సౌండు పెట్టేది ఆయనే. సీటు కింద యాంప్లిఫయరు, ముందు చక్రం పక్కనుండే గార్డు కడ్డీలకు రెండు పెద్ద స్పీకర్లు అని మాట్లాడుకుని, పొద్దున్నే బండి అప్పగించి ఆఫీసుకు వెళ్ళాను. సాయంత్రం వచ్చి చూద్దును కదా, స్పీకర్లు రెండూ నాకు వీపు చూపిస్తూ రోడ్డు వైపు తిరిగి ఉన్నాయి.

"ఇదేంటండీ, అటు తిప్పేరు?"

"ఆయ్, వినేది జనం కదండీ మరి."

"వినేది నేనండీ బాబూ! బండి నాది, చెవులు నావి!"

"మీ ఒక్కరికేనాండీ?" అన్నాడాయన. తలుపేసుకుని ఒక్కడే తినే మనిషిని చూసినట్టు చూశాడు నన్ను. "ఇంత మంచి సౌండు పెట్టించి, ఒక్కరే వినేస్తే ఏం బావుంటుందండీ? ఇన్నాళ్ళ నుంచి బిగిస్తున్నాను, ఇటు తిప్పమని ఎవరూ అడగలేదండీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. అది పాటల సరదా కాదు, మా ఆవిడ గొంతయ్యా అని అరుద్దామనుకున్నాను. ఆయన మాత్రం ఏమీ అనుకోలేదు. "తిప్పమంటే తిప్పేస్తానండీ. వెల్డింగు కోసి మళ్ళీ పెట్టాలి. ఇప్పుడు కరెంటు పోయిందండీ, రేపొచ్చేయండి" అన్నాడు. ఇంత మర్యాదగా మాట్లాడే మనిషిని తిట్టడం ఎలాగో నాకు ఇప్పటికీ తెలీదు.

విసురుగా బండి తీశాను. ఊరు దాటాక ఉండబట్టలేక పాట పెట్టాను. టీ కొట్టు దగ్గర మనుషులు తలలు తిప్పారు. ఎదురొచ్చిన ఆటో అతను చెయ్యూపాడు. దారి పొడుగునా అందరూ మా ఆవిడ పాట వింటున్నారు, నాకు మాత్రం గాలి హోరు! ఇదెక్కడి గోలరా దేవుడా అని నాలో నేనే తిట్టుకుంటూ పోతున్నాను.

ఐనవిల్లి దాటాక కొబ్బరికాయలు ఎక్కించుకుంటున్న లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా ఉంది. ఆగాను. పాట సాగుతోంది. రోడ్డు పక్కనున్న ఇంటి అరుగు మీద మిషను కుట్టుకుంటున్న ఒకావిడ, కుడుతున్న జాకెట్టు చేత్తోనే పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"బాబాయ్ గారూ! టీచరుగారి గొంతు వినపడి వచ్చేనండీ. పెళ్ళి కాకముందు క్వయర్లో ఆవిడ పక్కనే నిలబడేదాన్ని. గల్ఫ్ నుంచి మొన్నే వచ్చేను. ఏరండీ ఆవిడ?" అంటూ వెనక సీటు వైపు చూసింది.

ఆవిడ పోయినప్పుడు బంధువులకు ఫోన్లు చేసి చెప్పింది మా తమ్ముడు. ఊళ్ళో వాళ్ళు తెలిసే వచ్చారు. నా నోటితో ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

"పోయిందమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి జాకెట్టు మొహానికి అడ్డం పెట్టుకుని గట్టిగా ఏడ్చింది. లారీ మీదున్నవాళ్ళు కాయలు విసరడం ఆపేశారు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "సగం నుంచే విన్నానండీ. మొదట్నుంచి పెడతారా?" అంది.

ఇంజను కట్టేశాను. పాట మొదటి నుంచి పెట్టి, దిగొచ్చి ఆ అమ్మాయి పక్కన, స్పీకర్లకు ఎదురుగా నిలబడ్డాను. గాలి లేదు, హోరు లేదు. పై స్థాయికి వెళ్ళేచోట గొంతులో వచ్చే సన్నటి జీరతో సహా అన్నీ వినపడుతున్నాయి. ఏడుపొచ్చింది. చుట్టూ ఇంతమంది వింటుంటే పాట ఎలా ఆపను? ఏడుస్తూనే విన్నాను.

పాట అయిపోయింది. క్వయర్ వాళ్ళ కబుర్లు, కుర్చీలు జరిపిన చప్పుడు. ఇక్కడిదాకా నేనెప్పుడూ వినలేదు. అంతలో ఫోనుకు బాగా దగ్గరగా వచ్చి, ఆయాసపడుతూ ఆవిడ అడిగింది: "ఏవండీ, బాగా పాడేనా?"

రికార్డింగు అక్కడితో ఆగిపోయింది. ఆ రోజు నేనేం చెప్పానో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

"చాలా బాగా పాడేవే" అన్నాను, అంతమందిలో, పైకే.