ఆ శుక్రవారం డ్రయ్యర్ వేయలేదు

ఏళ్ల తరబడి ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను. ఉమక్కతో చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు.

టెక్సస్‌లో ఒక చిన్న ప్లాస్టిక్ కంపెనీ ల్యాబ్‌లో ఉమక్కా నేనూ పనిచేసేవాళ్లం. మొక్కజొన్న నుంచి తయారై, చివరికి మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ మా పని. దాంతో చేసిన డబ్బాలో వేడి సాంబారు పోస్తే మెత్తబడి కూలబడేది. కంటికి ఆననంత సన్నటి బంకమట్టి పొడి, అదే క్లే, సాగే గుణం కోసం ఇంకో పదార్థం కలిపితే వేడికి తట్టుకుంటుందని ఉమక్క నమ్మకం. నిద్రలో కూడా "క్లే, క్లే" అని కలవరిస్తుందని వాళ్లాయన ఏడిపించేవాడు. పాపం, ఆదివారాలు కూడా ల్యాబ్‌కి వచ్చేది.

ఆ సోమవారం మా కొత్త ప్లాస్టిక్ కొనాలనుకునేవాళ్లు చూడటానికి వస్తున్నారు. షీట్ తీసే పని నాది. క్లే కలిపిన ప్లాస్టిక్ గింజలను ముందు డ్రయ్యర్‌లో గంటల తరబడి ఆరబెట్టాలి. తేమ ఉంటే మెషిన్ వేడికి షీట్ పెళుసైపోతుంది. ఇది మాకు మొదటి రోజే నేర్పే పాఠం, నాకు తెలియక కాదు. ఆ శుక్రవారం ప్లేనోలో స్నేహితురాలి సీమంతం. పులిహోర నేనే తెస్తానని గొప్పలకు పోయాను. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుని గింజలను తిన్నగా మెషిన్‌లో పోసేశాను.

సోమవారం అందరి ముందూ ఉమక్క షీట్‌ను వంచింది. పట్‌మని విరిగింది. మా బాస్ మొహం మాడిపోయింది. అందరూ వెళ్లాక ఉమక్క నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"ఏమ్మా, డ్రై చేశావు కదా?"

"చేశానక్కా. ఫుల్‌గా చేశాను."

"అయితే క్లేనే అయ్యుంటుందిలే. నేనే ఎక్కువ ఊహించుకున్నా."

అంతే. నా మీద ఆమెకు అనుమానమే రాలేదు.

ప్రాజెక్టు ఆపేశారు. ఉమక్కను తీసేశారు. తర్వాత ఎవరూ లేనప్పుడు, మిగిలిన గింజలను పద్ధతిగా ఆరబెట్టి మళ్లీ షీట్ తీశాను. వంచాను. విరగలేదు. ఇంకా వంచాను. ఛీ, ఎంత చక్కగా వంగిందో! దాన్ని ముక్కలు చేసి చెత్తలో పడేశాను.

ఎందుకు చెప్పలేదు? వీసా భయమని ఇన్నాళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా హెచ్‌వన్ వీసా ఆ కంపెనీది, ఉద్యోగం పోతే బతుకు రోడ్డున పడుతుందన్నది నిజమే, కానీ ఆమె హెచ్‌వన్ కూడా ఆ కంపెనీదే కదా, ఆమెకు మాత్రం భయం ఉండదా? ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. ఆమె పోస్టు నాకిచ్చారు. సంతోషపడ్డాను. అవును, సంతోషపడ్డాను. సిగ్గులేని మనిషిని.

ఉమక్క వాళ్లాయన వీసా మీద డిపెండెంట్‌గా మారింది. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుని ఉద్యోగంలో చేరింది. మళ్లీ ల్యాబ్ మొహం చూడలేదు. నన్ను మాత్రం ప్రతి పండక్కీ పిలుస్తుంది.

మొన్న కాపెల్‌లో వాళ్లింటికి వెళ్లాను. హైస్కూల్లో చదివే వాళ్లమ్మాయి ఇదే ప్లాస్టిక్ మీద సైన్స్ ప్రాజెక్టు చేస్తోంది. లాప్‌టాప్ పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది.

"ఆంటీ, క్లే వేస్తే బ్రేక్ అవుతుంది కదా? అమ్మ చెప్పింది. షి ట్రైడ్ ఇట్."

వంటింట్లోంచి ఉమక్క నవ్వింది. "మీ అమ్మ వెలగబెట్టిన ఘనకార్యం అది. ఆంటీనే అడుగు, తనైతే కరెక్టుగా చెప్తుంది."

నోరు తెరవాల్సింది. తలూపాను. ఆ పిల్ల నా కళ్లముందే తన ప్లాన్‌లోంచి క్లేను తీసేసింది.

అప్పుడు నేను ఎవరికీ భయపడాల్సిన పని లేదు. గ్రీన్‌కార్డు కూడా వచ్చేసింది. అయినా తలూపాను. మరి ఇన్నేళ్లూ భయమని నేను పేరు పెట్టుకున్నది ఏమిటి?

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. కానీ ఒక్కసారైనా పూర్తిగా రాయాలి. ఉమక్క ఆలోచన సరైనదే. క్లే తప్పేమీ లేదు. గింజలు తడిగా ఉన్నాయి. తెలిసీ పోసింది నేను. అబద్ధమాడింది నేను.

ఇంత రాశాక, చాలా రోజులకు ఆకలి వేస్తోంది. సిగ్గుగానే ఉంది. అయినా వేస్తోంది.