ప్లగిన్ పోయిన ఏడాది అత్తమ్మ సాగు

మా అత్తమ్మ కాలు విరగ్గొట్టుకున్నది చింతమడకలో, సొంత పొలం ఒడ్డు మీద. నీళ్లు పెట్టడానికి పోయి తడి ఒడ్డున జారింది. సిద్దిపేట దవాఖానలో రాడ్డు వేసి, ఆరు వారాల దాకా కాలు కింద పెట్టొద్దన్నారు. ఆ ఆరు వారాలు మా కిరాయి ఇంట్లో ఉండడానికి ఒప్పుకుంది. అవి పూర్తి కాకముందే లాక్‌డౌన్ వచ్చింది. కాలు అతకడం కూడా ఆలస్యమైంది. పొలం మా చిన్నమామ చూసుకున్నాడు. అత్తమ్మ ఆ ఏడాదంతా మా దగ్గరే ఉండిపోయింది.

నేను ఇంటి నుంచే డేటా ఎంట్రీ పని చేసేదాన్ని. ముందుగదిలో కిటికీ పక్కన నా కంప్యూటర్. లోపలి గదికి గాలి రాదని అత్తమ్మ మంచం కూడా ముందుగదిలోనే, నా కుర్చీ వెనక వేశాం. పెళ్లయి నాలుగేళ్లయినా మేమిద్దరం అంతసేపు ఒకచోట ఎప్పుడూ ఉండలేదు. నా పని ఆమెకు పనిలా కనిపించేది కాదు. "పొద్దుందాక కూసునే ఉంటవు, నడుము నొయ్యదా?" అనేది. అది జాలో ఎత్తిపొడుపో నాకు అర్థమయ్యేది కాదు. నేను తలూపి ఊరుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం పని కాస్త పక్కన పెట్టి, ఎప్పుడో ఆడి వదిలేసిన వ్యవసాయం ఆట తెరిచాను. తెర మీద పచ్చటి జాగ, చిన్న చిన్న మడులు. దున్నాలి, విత్తాలి, పండాక కోయాలి. వెనక నుంచి గొంతు వినిపించింది.

"గదేంది, దున్నుతున్నవా?"

"ఆట అత్తమ్మా."

"ఏమేసినవ్?"

"స్ట్రాబెర్రీ అని, ఒక పండు."

"ఎన్ని నెలల పంట?"

"నాలుగు గంటలు."

ఆమె మంచం మీద నుంచే తెర వైపు మెడ చాపి చూసింది. తర్వాత నెమ్మదిగా, "వరి లేదా?" అని అడిగింది.

వరి ఉంది. పన్నెండు గంటల పంట. ఆ సాయంత్రం నేను కుర్చీని మంచం దగ్గరికి జరిపి, ఆమె చేతిలో మౌస్ పెట్టాను. మొదటి రెండు రోజులు మౌస్‌ను గాల్లోకి ఎత్తేది. బాణం గుర్తు ఎటో పోయేది. "గిది నా మాట ఇంటలేదు" అని మౌస్‌ను అటూ ఇటూ తిప్పి చూసేది. మూడో రోజుకు చేయి కుదిరింది. వారానికి నాకంటే బాగా ఆడింది. ఏ పంట ఎప్పుడు చేతికొస్తుందో ఆమెకు గుర్తుండేది. నేను మర్చిపోతే, "పిల్లా, నీ లెక్కలు జరసేపు ఆపు, పంట ఎండుతది" అని లేపేది. మధ్యాహ్నం రెండు గంటల నుంచి మూడింటి దాకా కంప్యూటర్ ఆమెది అని ఒప్పందం కుదిరింది.

ఆ ఆటలో పొరుగు పొలాలు కూడా ఉంటాయి. ఎక్కడో ఉన్న ముక్కూ మొహం తెలియని వాళ్లను పొరుగువాళ్లుగా కలుపుకోవచ్చు. వాళ్ల పంట ఎండితే మనం పోయి నీళ్లు చల్లి బతికించవచ్చు. అట్లా కలిసిన వాళ్లలో ఒకరి పొలం మీద అత్తమ్మకు ఎప్పుడూ కళ్లుండేవి. ఫొటో ఉండాల్సిన చోట పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ. అత్తమ్మ ఆ మనిషికి 'పక్క పొలమామె' అని పేరు పెట్టింది. ఆ పొలంలో పంటలు మంచివే వేసేవాళ్లు. కానీ రోజు విడిచి రోజు ఎండిపోయి ఉండేవి.

"సూడు, మళ్ల ఎండవెట్టింది" అనేది అత్తమ్మ. "ఏసుడు తెలుసుగాని కాసుడు తెల్వదు. గింత బద్ధకమైతే ఎవుసం ఎందుకు?" అంటూనే ఒక్కొక్క మడి మీద నీళ్లు చల్లేది. అన్ని మడులూ పచ్చబడ్డాకే మన పొలానికి వచ్చేది.

వానాకాలం మొదట్లో అనుకుంటాను, ఆట తెరవగానే పైన పసుపు పట్టీ ఒకటి రావడం మొదలైంది. ఈ ఆట నడవడానికి బ్రౌజర్‌కు తోడుగా ఒక ప్లగిన్ కావాలి. ఆ ప్లగిన్ పాతదైంది, ఏడాది చివరికి దాన్ని తీసేస్తున్నాం, ఇప్పుడు నడపమంటారా వద్దా అని ఆ పట్టీ అడిగేది. నడపమని నొక్కితే ఆట వచ్చేది. అత్తమ్మకు అక్షరాలు రావు. పసుపు రంగు కనిపించగానే కుడి చివరన నొక్కాలని నేర్చుకుంది.

"రోజూ ఒకటే మాట అడుగుతది. నిన్ననే గద చెప్పిన" అని విసుక్కునేది.

కొన్ని వారాలకు ఆ పట్టీ కూడా పోయింది. ఏడాది చివరి దాకా కూడా ఆగకుండా, నా కంప్యూటర్ తనంతట తాను ఏదో అప్‌డేట్ వేసుకుంది. మరుసటి రోజు రెండింటికి ఆట తెరిస్తే పొలం లేదు. బూడిద రంగు గడి, దాని మధ్యలో విరిగిన ముక్క బొమ్మ.

"పొలమేది?" అంది అత్తమ్మ.

నాకు తెలిసినంతలో చెప్పాను. "అత్తమ్మా, బ్రౌజర్ అంటే కరెంటనుకో. ప్లగిన్ అంటే పాత మోటరు. ఇక నుంచి గా మోటరుకు కరెంటియ్యం అంటున్నరు."

"మోటరు మంచిగనే నడుస్తుండె గద. ఎందుకియ్యరు?"

"దాంట్ల సందులున్నయట. దొంగలు దాంట్లకెళ్లి కంప్యూటర్‌లకు దూరుతున్నరట."

"సందుంటే పూడ్వాలె. మోటరు పారేస్తరా?"

వేరే బ్రౌజర్ వేసి చూశాను. అందులో నెల రోజులు నడిచింది. తర్వాత అదీ ఆగింది. అప్‌డేట్లన్నీ ఆపేద్దామనుకున్నాను. అదే వారం మా ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. బ్రౌజర్ పాతదైతే వాళ్ల పని వెబ్‌సైట్ తెరుచుకోదట. నా పనికి కొత్త బ్రౌజర్ కావాలి, అత్తమ్మ పొలానికి పాతది కావాలి. రెండూ ఒకే కంప్యూటర్‌లో పొసగలేదు.

ఆ నాలుగు రోజులు అత్తమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. బువ్వ కూడా సగమే తిన్నది. కాలు నొస్తుందా అంటే లేదంది. మా ఆయన అది చూసి, అటక మీదున్న తన డిప్లొమా నాటి లాప్‌టాప్ దించాడు. మూత దగ్గర పగిలింది, బ్యాటరీ లేదు, వైరు తీస్తే ఆగిపోతుంది. కానీ ఏళ్లుగా నెట్ మొహం చూడలేదు కాబట్టి దాంట్లో బ్రౌజర్, ప్లగిన్ రెండూ పాతవే. ఆయన అప్‌డేట్లన్నీ ఆపేసి, ఆట ఒక్కటే తెరిచి, తల్లి ముందు స్టూలు మీద పెట్టాడు.

"అవ్వా, గిది నీదే. కానీ గీ ఆట తప్ప ఇంకేది తెరవొద్దు. గిది పాతది, గేటు లేని ఇల్లు లెక్క."

"నాకు వేరేది వచ్చా, తెరవనీకి?" అంది అత్తమ్మ. అప్పటికే ఆమె పక్క పొలానికి వెళ్లిపోయింది. అక్కడ మడులన్నీ ఎండి ఉన్నాయి. "సూసినవా, నేను లేనని మొత్తం ఎండవెట్టింది" అని నీళ్లు చల్లడం మొదలుపెట్టింది. ఆమె మొహంలో సంతోషం చూసి మా ఆయన నవ్వు ఆపుకుంటూ బయటికి పోయాడు.

అట్లా దసరా దాటింది. తర్వాత ఒక రోజు ఆటలోనే ప్రకటన వచ్చింది. ప్లగిన్ పోతోంది కాబట్టి ఏడాది ఆఖరుతో ఆటను మూసేస్తున్నామని. ఇక పాత లాప్‌టాప్ ఉన్నా లాభం లేదు. ఈ మాట అత్తమ్మకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. చెబితే పెద్దగా బాధపడలేదు. కాలు బాగైంది, సంక్రాంతి దాటంగనే నాట్లకు ఊరికి పోవాలి అంది. కొద్దిసేపయ్యాక అడిగింది.

"మరి పక్క పొలమామెకు ఎరుకేనా?"

"ఆమెకు కూడ వచ్చి ఉంటది గద, ప్రకటన."

"సూసుకుందో లేదో. అసలే సోయి లేని మనిషి. ఒక మాట రాయరాదు?"

పేరును బట్టి తెలుగువాళ్లే అనిపించింది. నేను తెలుగులోనే రాశాను. మేం సిద్దిపేట దగ్గరివాళ్లం, మీ పొలానికి రోజూ నీళ్లు చల్లేది మా అత్తమ్మ, ఆట మూసేస్తున్నారట, మీకు తెలుసో లేదోనని చెప్పమంది, అని. కింద నా ఫోన్ నంబర్ పెట్టాను. పెట్టొచ్చా లేదా అని కొంచెం భయపడే పెట్టాను.

మూడో రోజు ఫోన్ వచ్చింది. మగ గొంతు. కరీంనగర్ నుంచి. బస్సు కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడట. అత్తమ్మ సైగ చేస్తే స్పీకర్ పెట్టాను.

"గా పొలం మీదా?" అంది అత్తమ్మ, ఆడమనిషి కానందుకు కొంచెం బిత్తరపోయి.

"నాది కాదక్కా, మా ఇంటామెది. ఆమె చెప్తది, నేను ఏస్త. నాకేం తెలుసు, ముప్పై ఏండ్లు పొలాలను బస్సు కిటికీలకెళ్లి చూసుడే."

"మరి రోజు తప్పిచ్చి రోజు ఎండవెడ్తరేంది?"

"ఆమెకు కిడ్నీలు పాడైనయక్కా. వారానికి మూడు రోజులు డయాలసిస్. పొద్దుగాల పోతే వచ్చేటాళ్లకు పొద్దుగూకుతది. గా రోజుల్ల చూసెటోళ్లుండరు. ఇంటికొచ్చినంక ఆమెను పండవెట్టి తెరిస్తే అంత పచ్చగుంటుండె. 'చూసినవా, ఎవరో వచ్చిపోయిన్రు' అనేది. గదొక్కటే, గా రోజు ఆమె నవ్వేది."

అత్తమ్మ చీర కొంగు చేతిలో పట్టుకుని నలుపుతూ కూర్చుంది. నేనే ఏదో సర్దిచెప్పి, ఆమెకెట్లా ఉందని అడిగాను. ఫోన్ పెట్టేశాక అత్తమ్మ అంది, "ఎన్ని మాటలన్న బిడ్డా. బద్ధకమన్న, సోయి లేదన్న. ఒక్కపారి అడగకపోతిని."

"నీకేం తెలుసు అత్తమ్మా. అయినా అనుకుంట అనుకుంటనే నీళ్లు వోసినవు గద."

"పోసిన. కానీ తిట్టుకుంట పోసిన" అంది.

మరుసటి రోజు రెండింటికి తనే నా చేతికి ఫోన్ ఇచ్చి కలపమంది. ఈసారి ఆ ఇంటామె మాట్లాడింది. సన్నటి గొంతు, మధ్యమధ్యలో ఆయాసం. అత్తమ్మ క్షమించమని అనలేదు. మా వైపు పెద్దవాళ్లకు ఆ మాట రాదు. "ఏమేస్తున్నవమ్మా రేపు?" అని మొదలుపెట్టింది. "పొద్దుతిరుగుడు ఏద్దామనుకుంటున్న అక్కా, ఆఖరిసారి." "ఏయి. నేను చూసుకుంట." వాళ్లు అరగంట మాట్లాడారు. నేను పని చేస్తున్నట్టు నటిస్తూ విన్నాను.

చివరి వారమంతా ఇద్దరి పొలాలూ నిండుగా ఉన్నాయి. చివరి రోజు అత్తమ్మ పంటంతా కోసి, మడులన్నీ దున్ని పెట్టింది. మళ్లీ వేసేది లేదు కదా, ఎందుకు దున్నడం అన్నాను. "కోసిన పొలాన్ని గట్లనే ఇడ్సిపెడ్తరా?" అంది. కొత్త సంవత్సరం రోజు తెరిస్తే ధన్యవాదాలు చెప్పే ఇంగ్లిష్ అక్షరాలు తప్ప ఏమీ లేవు. మా ఆయన లాప్‌టాప్ వైరు తీసేశాడు.

సంక్రాంతి దాటాక అత్తమ్మ ఊరికి పోయింది. వంగి నాటు వేయలేదు, ఒడ్డు మీద కుర్చీ వేసుకుని కూలీలకు చెప్పేది. నేను ఇప్పించిన ఫోన్‌లో వీడియో కాల్ నేర్చుకుంది. కరీంనగర్‌కు రోజూ పొలం చూపించేది. ఎక్కువసార్లు అలవాటుకొద్దీ ఫోన్ చెవికి పెట్టుకునేదట. అవతలామెకు మడి బదులు అత్తమ్మ చెవి కనిపించేదట. "అక్కా, చెవి మంచిగ పచ్చవడ్డది" అని ఆమె నవ్వేదని అత్తమ్మే నాకు చెప్పింది.

రోగాల భయం తగ్గి మాస్కులు తీసేసే రోజులు వచ్చాక మేం ముగ్గురం కరీంనగర్ పోయాం. పోయే ముందు అత్తమ్మ, ఆమె ఏం తినొచ్చో ఏం తినకూడదో రెండుసార్లు కనుక్కుంది. టమాటలు, ఆకుకూరలు వద్దన్నారట. రెండు లేత సొరకాయలు, సంచిలో కొన్ని బియ్యం పట్టుకుంది.

పక్క పొలమామె మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. చేయి మీద సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిన నరం. అన్ని నెలలు రోజూ ఫోన్‌లో మాట్లాడుకున్నవాళ్లు ఎదురుపడడం అదే మొదలు. అత్తమ్మ సొరకాయలు అటు పెట్టాలా ఇటు పెట్టాలా అని చూస్తూ నిలబడింది. కండక్టరాయన ఆమె చేతిలోంచి అందుకుని లోపల పెట్టాడు.

ఆమె అత్తమ్మను కింది నుంచి పైదాకా చూసింది.

"అక్కా, నువ్వు గింత పొట్టిగుంటవనుకోలె" అంది.

"నువ్వు గింత బక్కగుంటవనుకోలె" అంది అత్తమ్మ. చెప్పులు విడిచి మంచం మీదికెక్కి, ఆమె పక్కన కాలు చాపుకుని కూర్చుంది. రాడ్డు వేసిన కాలు. ఆమె దాని మీద చేయి వేసి, ఎక్కడ విరిగిందో చూపించమంది.