దాలికి విసనకర్ర

“దాలిని విసురుతారాండీ ఎవరైనా?” అన్నాను నేను, విసనకర్ర ఈ కొస పట్టుకుని. “మంటే లేకపోతే పాలెలా కాగుతాయి మరదలా?” అన్నారు మా కొత్త బావగారు, ఆ కొస వదలకుండా. “పొద్దున్నించీ కాగుతూనే ఉన్నాయండీ!” “ఏం కాగడం? ఒక్క బుడగైనా లేదు!” ఈలోగా వంటింట్లోంచి అమ్మ కేక: “బావగారితో ఏంటే ఆ మాటలు? వదులు! దాని మాట పట్టించుకోకండి బాబూ.” వదిలాను. అంతే.

ఆ రోజుల్లో కొల్లేటి గట్టున మాకు నిప్పులన్నీ ఒకటి కాదు. (ఇప్పుడు మా మనవలకి పెరట్లో ఏది కాలినా ‘ఫైరే’. చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది.) చలికి నాలుగు పుల్లలు వేసుకుంటే చలిమంట. చేలోకి పందులు రాకుండా మొద్దులేసి తెల్లవార్లూ మండించేది నెగడు. గేదెల్ని దోమలు పీక్కు తినకుండా పచ్చి వేపాకేసి పెట్టేది పొగ. అందులో మంట లేచిందా, పెట్టినవాళ్ళకి తిట్లు. ఇక పాలకి దాలి. పెరట్లో గుంట, గుంటలో పిడకలు, పైన ఊక. రాజేసి, పాలకుండ పెట్టి, మర్చిపోవాలి. చలిమంట దగ్గర కూర్చుంటారు, నెగడు దగ్గర కాపలా కాస్తారు, దాలి దగ్గర ఎవరూ కూర్చోరు. సాయంత్రానికి పాలు ఇటిక రంగుకి తిరిగి, రొట్టెలా మీగడ కడతాయి. పిడక ముక్క ఒకటి ఎక్కువ పడినా నాకు ప్రాణం పోయినట్టుండేది.

బావగారిది తాడేపల్లిగూడెం. వాళ్ళింట్లో పంపు స్టవ్వు. మంట తగ్గితే పంపు కొట్టడం, అది భగ్గుమనడం, నిప్పంటే ఆయనకి తెలిసింది అదీ. పెళ్ళయ్యాక మొదటిసారి వచ్చారు కదా, అత్తగారికి సాయం చేసి మంచిపేరు తెచ్చుకోవాలని ఆరాటం. దాలిని చూసి ఆరిపోతోందనుకున్నారు. నా బాధల్లా మా మామ్మ గురించి. జ్వరంతో మంచం పట్టి, లంఖణాలు చేసి చేసి, మర్నాడు మొదటి ముద్ద తినాలి. “దాలి పాల పెరుగైతేనే తింటాను. లేదూ, మీ అన్నం మీరే తినండి” అని గోడవైపు తిరిగి పడుకుంది. గేదె చూస్తే వట్టిపోతోంది. ఆ రోజుకి ఇంట్లో ఉన్నవి ఆ కుండలో పాలే.

బావగారు విసిరారు. బూడిద లేచింది, వెనకే మంట లేచింది, ఆ వెనక పాలు లేచాయి. సుయ్‌మని దాలిలోకే పొంగి దాలినే ఆర్పేశాయి. మాడు వాసన వీధి చివరిదాకా వెళ్ళింది. అమ్మ పరుగున వచ్చి, కుండలోకి చూసి, మింగలేక కక్కలేక, “పోనీలెండి బాబూ, పాలు పొంగడం శుభమేనండీ” అంది. “ఏం, గృహప్రవేశమా?” అన్నాను. నెత్తిన మొట్టికాయ పడింది. (కొత్తల్లుడు ఇల్లు తగలబెట్టినా వెచ్చగా ఉందనాలి మా ఇంట్లో.) బావగారు మొహం నిండా బూడిదతో, విసనకర్ర వెనక్కి దాచుకుని నిలబడ్డారు. అడుగున గిద్దెడు పాలు మిగిలితే అమ్మ వడకట్టి తోడేసింది.

మర్నాడు పొద్దున్న మామ్మ ఆ పెరుగన్నం నోట్లో పెట్టుకుని, “మాడు కంపు” అంది. గిన్నె మాత్రం వేలితో తుడిచి మరీ ఖాళీ చేసింది. చేసి, మాలో ఎవరూ అనలేని మాట తనే అనేసింది: “నువ్వు కొత్తల్లుడివని నిప్పుకేం తెలుసు నాయనా? ఇవాళ దాలి నువ్వే వెయ్యి. వేసి చేతులు కట్టుకో.” బావగారు వేశారు. వేసి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, కుండకి ఎదురుగా పీట మీద కూర్చున్నారు. నాకు నమ్మకం చాలక, పిడకలు తట్టే పని మానుకుని, విసనకర్ర నా కింద వేసుకుని నేనూ ఆ పక్కన చతికిలబడ్డాను. దాలి దగ్గర ఎవరూ కూర్చోరని అన్నదాన్ని! పాలు మాత్రం మా ఇద్దరితో పని లేకుండా, వాటి మానాన అవి ఎర్రబడ్డాయి.