మా వదిన చెవి

మా వదిన పాత యాంప్లిఫయర్లు బాగుచేస్తుంది. మామూలువి కాదు, ఒకప్పుడు డబ్బున్నవాళ్లు ఓడల మీద తెప్పించుకున్నవి. ముందు అద్దం, అద్దం వెనక వెలుగులో ఊగే ముల్లు, లోపల ఇటుకరాయంత ట్రాన్స్‌ఫార్మరు. వాటిని మేడల మీంచి దించడం, మళ్లీ ఎక్కించడం నా వంతు. మా అన్నయ్య పెళ్లి చేసుకున్న పాపానికి నా నడుం పోయిందని నేనంటే, "నీకు ముందునుంచీ లేదులే" అంటుంది.

ఆవిడకో పద్ధతి ఉంది. పని అయ్యాక మీటరు పెట్టి కొలుస్తుంది. అంతా సరిగ్గా ఉందని తేలాక మీటరు పక్కన పెట్టి, ఫ్యానాపి, నన్ను నోరు మూసుకోమని, స్పీకరు దగ్గర చెవి పెట్టి కూర్చుంటుంది. ఆ చెవి సరేనంటేనే సెట్టు గుమ్మం దాటుతుంది. "మీటరు అడిగిందే చెప్తుంది, చెవి అడగనిదీ చెప్తుంది" అని ఆవిడ సిద్ధాంతం. ఆ సిద్ధాంతమే ఆవిడ కొంప ముంచబోయింది.

స్టెనోగారని ఒకాయన, కోర్టులో పనిచేసి రిటైరయ్యారు. గొణిగే లాయర్లు, ఏడ్చే సాక్షులు, దగ్గే జడ్జీలు, అందరి మాటా పొల్లుపోకుండా పట్టుకున్న చెవులు తనవని మొదటి పరిచయంలోనే చెప్పుకునే మనిషి. ఆయన సెట్టులో ఎడమవైపు జోరీగ తిరిగినట్టు గుయ్యిమంటోందట. తెచ్చాం. లోపల కండెన్సర్లు, అంటే కరెంటును కాసేపు పట్టి ఉంచే డబ్బాలు, నిజంగానే ఉబ్బి ఉన్నాయి. వదిన మార్చింది, విన్నది, పంపింది. వారం తిరక్కుండా ఫోను. "అమ్మా, ఇంకా ఉంది."

మళ్లీ తెచ్చాం. మీటరు ఏమీ లేదంది. వదిన చెవికీ ఏమీ అందలేదు. ఇంకొకరైతే పెద్దాయన చాదస్తమని వదిలేసేవాళ్లే. వదినకు మాత్రం చెవి అన్నదంటే అన్నదే, అది ఎవరి చెవైనా సరే. నిక్షేపంలాంటి పార్టులు పీకి కొత్తవి వేసింది. సెట్టు మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది.

ఒకరోజు చూస్తే బెంచీ దగ్గర ఊరికే కూర్చుని ఉంది.

"ఏమైంది వదినా?"

"ఆయనకు వినిపించేది నాకు వినిపించట్లేదయ్యా. నా చెవి పోతోందేమో."

"ఊరుకో వదినా. నేను గదిలో గొణుక్కున్నది వంటింట్లోంచి విని తిడతావు."

నవ్వలేదు. "చెవి పోతే ఈ పని మానెయ్యాల్సిందే. వినకుండా సెట్టు ఎవరికీ ఇవ్వలేను" అంది. నాకు భయమేసింది. ఆ బెంచీ లేని వదినను నేనెరగను.

మర్నాడు సెట్టు మోసుకుని ఇద్దరం ఆయన ఇంటికే వెళ్లాం. ఆయన గదిలో, ఆయన ఎదుటే తేల్చుకోవాలని వదిన పంతం. మూడో అంతస్తు. లిఫ్టు లేదని వేరే చెప్పాలా? స్టెనోగారు కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నారు, ఆయన వినేది అలాగే. వదిన పాటేమీ పెట్టకుండా సెట్టు ఆన్ చేసింది.

"ఉందా సార్?"

"ఉంది."

స్పీకరు వైర్లు ఊడదీసింది. "ఇప్పుడు?"

"ఉంది. ఎడమవైపే."

చివరికి గోడలోంచి ప్లగ్గు లాగేసింది. అద్దం వెనక దీపం ఆరిపోయింది. "ఇప్పుడు సార్?"

"ఉందమ్మా. కాస్త పెరిగింది కూడా."

వదిన ప్లగ్గు చేత్తో పట్టుకుని నావైపు చూసింది. ముఖం చాటంతైంది. తన చెవికేమీ కాలేదు! నాకు నవ్వు పొంగుకొచ్చింది. అంతలోనే ఆవిడ ఆయనవైపు తిరిగింది, ఆ సంతోషమంతా ఎటుపోయిందో పోయింది. ఆయన ముందు సంబరపడ్డందుకు సిగ్గేసిందని తర్వాత చెప్పింది.

"కళ్లు తెరవండి సార్."

ఆయన ప్లగ్గు వైపు చాలాసేపు చూశారు. "కండెన్సర్లలో కరెంటు మిగిలి ఉంటుందని నువ్వే చెప్పావు కదమ్మా. అదేమో."

అవునని చెప్పెయ్యమని వదినను కళ్లతోనే బతిమాలాను. కావాలంటే సెట్టు ఇంకోసారి మోస్తాను, నడుం ఎలాగూ లేదు.

"మిగిలుంటుంది సార్" అంది వదిన. "అది పోయేదాకా ఉందాం." స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

ముగ్గురం పావుగంట కూర్చున్నాం. ఏ కండెన్సరూ అంతసేపు కరెంటు దాచుకోదని సెట్లు మోసేవాణ్ణి, నాకే తెలుసు. ఆయనకూ తెలిసొస్తోంది. వేళ్లు కుర్చీ చేతుల మీద బిగుసుకున్నాయి.

"ఇది ఆగదు కదూ?" అన్నారు చివరికి.

"సెట్టులోది కాదు సార్. చెవుల డాక్టరుకు చూపిద్దాం, నేను కూడా వస్తాను."

ఆయన తలూపారు. "నీకు నిజంగా ఏమీ వినిపించట్లేదా?" అన్నారు.

"ఆ మోత వినిపించట్లేదు సార్."

"మరేం వినిపిస్తోంది? చెప్పమ్మా."

వదిన తల కాస్త పక్కకు వంచింది. "మీ వంటింట్లో కుళాయి కారుతోంది. కింద ఎవరో సైకిలు స్టాండు వేశారు. మా మరిది ముక్కు ఎగబీలుస్తున్నాడు."

స్టెనోగారు మళ్లీ కళ్లు మూసుకున్నారు.

"ఇంకా?" అన్నారు.